మనుషులను వెతికే యంత్రాలు



గుజరాత్‌లో సూరత్ నగరానికి దక్షిణాన సచిన్ అనే ఊరు ఉంది. ముంబయి వైపు పోయే రైలు ఎక్కితే ఉధనా, భేస్తాన్ దాటగానే వస్తుంది. ఒకప్పుడు అది సిద్దీ నవాబులు ఏలిన చిన్న సంస్థానం. నేడు అది పారిశ్రామికవాడ. సూరత్ ప్రాంతంలో మరమగ్గాలపై బతికేవారిలో తెలంగాణ నుండి వెళ్ళిన నేత కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. సూరత్ నగరపాలక సంస్థ నడిపే బడుల్లో తెలుగు మాధ్యమం కూడా ఉన్నదంటే, అక్కడ మనవారు ఎంతమంది స్థిరపడ్డారో మీరే ఊహించవచ్చు.

మీరు సచిన్‌లో సాంచాలు నడుపుతున్నారనుకోండి. మీ పెదనాన్న కొడుకు, అంటే మీ అన్న, పదిహేనేళ్ళ కిందట ఇంట్లో మాట పట్టింపు వచ్చి ఊరు విడిచి వెళ్ళాడు. భీవండిలో చూశామని ఒకరు, షోలాపూర్‌లో ఉన్నాడని మరొకరు చెప్పారు. పెద్దమ్మకు వయసు మీద పడింది. "ఒక్కసారి వాని ముఖం చూపించు బిడ్డా" అని ఫోన్ చేసినప్పుడల్లా అడుగుతుంది.

వెనకటి రోజుల్లో అయితే ఏం చేసేవాళ్ళం? అటు పోయేవారితో కబురు పంపేవాళ్ళం. కులపెద్దలను అడిగేవాళ్ళం. తెలిసిన చిరునామాకు ఒక కార్డు ముక్క రాసేవాళ్ళం. నేడు చాలామంది మొదట చేసే పని, సెల్‌ఫోన్ తీసి పేరు కొట్టి చూడడం.

ఇలా పేరు కొడితే మనిషి వివరాలు చూపడానికే ఒకప్పుడు కొన్ని ప్రత్యేక యంత్రాలు ఉండేవి. వాటిలో పేరుపడ్డవి కొన్ని ఇప్పుడు మూతపడ్డాయి. అవి ఎలా పనిచేశాయో, ఎక్కడ పొరబడ్డాయో తెలిస్తే, ఈనాడు ఇంటర్నెట్‌లో మీ వివరాలను మీరు ఎలా కాపాడుకోవాలో కూడా తెలుస్తుంది.

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• మనుషులను వెతికే యంత్రం పనిచేసే తీరును దశలవారీగా వివరించగలుగుతారు.
• ఒకే పేరుగల ఇద్దరిని యంత్రం ఎందుకు కలిపివేస్తుందో ఉదాహరణతో చెప్పగలుగుతారు.
• మీరు బహిరంగంగా పెట్టే వివరాల విషయంలో చట్టం ఎంతవరకు అండగా ఉంటుందో గుర్తించగలుగుతారు.
• దూరమైన మనిషిని జాగ్రత్తగా, మర్యాదగా వెతకగలుగుతారు.

1. ఒక్కొక్క చోట ఒక్కొక్క ముక్క

2002లో ఫ్రెండ్‌స్టర్ అనే సామాజిక మాధ్యమం మొదలయింది. 2003లో లింక్డ్ఇన్, మైస్పేస్ వచ్చాయి. 2004లో ఆర్కుట్, ఫేస్‌బుక్ వచ్చాయి. వీటిలో చేరే ప్రతి ఒక్కరూ తమ గురించి ఒక పరిచయపత్రం నింపాలి. దీన్నే ప్రొఫైల్ అంటారు.

ఒకే మనిషి రెండు మూడు చోట్ల చేరడం మామూలే. అయితే అన్నిచోట్లా ఒకే సంగతి చెప్పడు. ఉద్యోగాల కోసం ఉన్న చోట పని వివరం రాస్తాడు. స్నేహితుల కోసం ఉన్న చోట ఊరు, ఫోటో పెడతాడు. మరొకచోట కొడుకు పుట్టినరోజు ఫోటో పెట్టి, బడి పేరు కూడా రాస్తాడు. ఇంకెక్కడో పాత టీవీ అమ్ముతానని ఫోన్ నంబరు ఇస్తాడు.

ఈ ముక్కల్లో ఏ ఒక్కటీ పెద్ద రహస్యం కాదు. కాని నాలుగూ ఒకే కాగితం మీద రాసి చూడండి. ఆ మనిషి ఎవరు, ఎక్కడ ఉంటాడు, ఏం పని చేస్తాడు, బిడ్డ ఏ బడికి పోతాడు, ఏ నంబరుకు ఫోన్ చేయాలి అన్నీ తెలిసిపోతాయి. ఆయన ఎవరికీ ఇన్ని సంగతులు ఒక్కసారిగా చెప్పలేదు. ముక్కలు కలవడం వల్ల కొత్త సమాచారం పుట్టింది. ఈ పాఠంలో మీరు ముఖ్యంగా గుర్తుంచుకోవలసిన సంగతి ఇదే.

2. యంత్రం ఎలా పనిచేసేది?

ఈ ముక్కలను కలపడమే వ్యాపారంగా కొన్ని సంస్థలు వెలిశాయి. మూడింటిని చూద్దాం.

వింక్ అనే అమెరికా సంస్థ 2006లో మనుషుల వెతుకులాట వైపు మళ్ళింది. అది మైస్పేస్, లింక్డ్ఇన్ వంటి చోట్ల ఉన్న ప్రొఫైళ్ళను ఒకేచోట వెతికిపెట్టేది. రెండవది స్పాక్. జైదీప్ సింగ్, జే భట్టి అనే ఇద్దరు 2006లో కాలిఫోర్నియాలో దాన్ని స్థాపించారు. 2007లో అది ప్రజలకు అందుబాటులోకి వచ్చింది. మూడవది ఆస్ట్రియా దేశపు వియన్నా నగరం నుండి నడిచిన 123పీపుల్.

ఇటువంటి యంత్రం చేసే పనిని నాలుగు దశలుగా అర్థం చేసుకోవచ్చు.

సేకరించడం: ఒక కంప్యూటర్ ప్రోగ్రాం ఇంటర్నెట్‌లో పేజీ వెంట పేజీ తిరుగుతుంది. తాళం లేని ప్రొఫైళ్ళను చదివి నకలు తీసుకొంటుంది. ఇంటి గడప మీద ఉన్నది మాత్రమే చూస్తుంది, లోపలికి రాదు. కాని గడప మీద మనం ఏమేమి వదిలామో మనకే గుర్తుండదు.

విడదీయడం: చదివిన పేజీలో పేరు ఏది, ఊరు ఏది, వయసు ఏది, వృత్తి ఏది అని వేరుచేసి గళ్ళలో నింపుతుంది.

కలపడం: వేరువేరు చోట్ల దొరికిన ప్రొఫైళ్ళలో ఏవి ఒకే మనిషివో నిర్ణయిస్తుంది.

చూపడం: ఎవరైనా పేరు అడిగితే, కలిపిన వివరాలను ఒకే పేజీలో చూపుతుంది. స్పాక్ అయితే ప్రతి పేరు కింద ఆ మనిషిని వర్ణించే చిన్న చిన్న మాటలను చీటీల్లాగా అతికించేది. చూసేవారు కూడా కొత్త చీటీలు చేర్చవచ్చు, ఉన్నవాటిపై ఓటు వేయవచ్చు. అంటే మీ గురించి మీరు చెప్పని మాటలు కూడా మీ పేరు కింద చేరే వీలుండేది.

ఈ నాలుగింటిలో మూడవది అన్నిటికన్నా కష్టమైనది. ఎంత కష్టమంటే, ఈ చిక్కును బాగా విప్పిన వారికి 50,000 డాలర్ల బహుమతి ఇస్తామని 2007లో స్పాక్ ఒక పోటీ పెట్టింది.

పాఠ్యగత ప్రశ్నలు 1
ఖాళీలు పూరించండి.
(అ) సామాజిక మాధ్యమంలో మన గురించి మనం నింపే పరిచయపత్రాన్ని ______ అంటారు.
(ఆ) వేరువేరు ప్రొఫైళ్ళు ఒకే మనిషివో కాదో నిర్ణయించే దశ ______.

3. పేరులోనే చిక్కు

కలపడం ఎందుకు అంత కష్టం? మన పేర్లనే తీసుకొని చూద్దాం.

తెలుగువారు సాధారణంగా ఇంటిపేరు ముందు, సొంత పేరు తరువాత రాస్తారు. చాలామంది ఇంటిపేరును ఒక్క అక్షరంతో సరిపెడతారు. గుజరాత్‌లో సొంత పేరుకు తండ్రి పేరు జతచేసి, దానికి ఇంటిపేరు కలిపి రాసే వాడుక ఉంది. పెళ్ళయిన స్త్రీ పేరులో తండ్రి పేరు స్థానంలోకి భర్త పేరు వస్తుంది. కాబట్టి ఊళ్ళో రేషన్ కార్డులో ఒక రకంగా ఉన్న పేరు, సూరత్‌లో బడి రికార్డులో మరొక రకంగా ఉండవచ్చు. మనిషి ఒక్కడే. కాగితాల మీద మాత్రం ఇద్దరు.

ఇక ఇంగ్లీషు అక్షరాల సంగతి చూడండి. శ్రీనివాస్ అనే పేరులో మొదటి అక్షరం 'శ్రీ'. దాన్ని కొందరు ఎస్, ఆర్, ఐ అని రాస్తారు. కొందరు ఎస్, ఆర్ రాసి రెండు ఇ లు పెడతారు. మరికొందరు మధ్యలో హెచ్ చేరుస్తారు. లక్ష్మి అనే పేరును ఎక్స్ పెట్టి రాసేవారూ ఉన్నారు, కె, ఎస్, హెచ్ పెట్టి రాసేవారూ ఉన్నారు. మనకు ఇవన్నీ ఒకటే పేరు. అక్షరాలను మాత్రమే పోల్చే యంత్రానికి ఇవి వేరువేరు పేర్లు.

దీనికి ఎదురు చిక్కు కూడా ఉంది. ఒక్క జిల్లాలోనే శ్రీనివాస్‌లు వేలమంది ఉంటారు. వారిలో ఇద్దరి ఇంటిపేరు ఒకటి కావచ్చు. ఇద్దరూ సూరత్‌లోనే నేతపనిలో ఉండవచ్చు. అప్పుడు యంత్రం ఇద్దరినీ ఒకరిగా లెక్కకట్టవచ్చు.

అందుకే యంత్రం పేరుతో పాటు వేరే ఆధారాలు చూస్తుంది. ఊరు ఒకటేనా? వయసు ఒకటేనా? ఈమెయిల్ చిరునామా ఒకటేనా? ఇద్దరికీ ఉన్న స్నేహితులు ఒకరేనా? ఎన్ని కలిస్తే అంత నమ్మకం. అయినా అది అంచనాయే. యంత్రం చేసే తప్పులు రెండు రకాలు: ఒక మనిషిని ఇద్దరుగా విడదీయడం, ఇద్దరు మనుషులను ఒకరిగా కలిపివేయడం. మొదటి తప్పు వల్ల మనిషి దొరకడు. రెండవ తప్పు వల్ల ఒకరి మచ్చ మరొకరికి అంటుతుంది.

ఆలోచించండి: మీ పేరును మీరు ఇప్పటివరకు ఎన్ని రకాలుగా రాశారు? ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకం, బడి టి.సి. పక్కపక్కన పెట్టి చూడండి.

4. తప్పు జరిగితే ఎవరికి నష్టం?

ఇటువంటిదే స్పోకియో అనే మరొక అమెరికా సంస్థ. ఇది 2006లో మొదలయింది. 2012లో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఈ సంస్థపై చర్య తీసుకొన్నది. ఉద్యోగాలిచ్చే సంస్థలకు మనుషుల వివరాలు అమ్ముతూ, అటువంటి అమ్మకానికి చట్టం పెట్టిన జాగ్రత్తలు పాటించలేదన్నది అభియోగం. స్పోకియో 8,00,000 డాలర్లు చెల్లించి ఆ వివాదం తీర్చుకొన్నది.

అదే సంస్థపై వర్జీనియా రాష్ట్రానికి చెందిన ఒకాయన కూడా కోర్టుకు వెళ్ళాడు. ఆయన అప్పుడు ఉద్యోగం లేక పని వెతుక్కొంటున్నాడు. స్పోకియోలో ఆయన పేరు కింద పెళ్ళయిందని, పిల్లలున్నారని, వయసు యాభై దాటిందని, మంచి ఉద్యోగం ఉందని, డబ్బున్నవాడని ఉన్నది. ఇవన్నీ తప్పులేనని ఆయన వాదించాడు. ఇందులో తిట్టు ఏదీ లేదు కదా, పైగా పొగడ్తలాగే ఉంది కదా అని మీకు అనిపించవచ్చు. కాని చిన్న ఉద్యోగానికి దరఖాస్తు పెట్టినవాని గురించి, వీడికి ఇప్పటికే పెద్ద ఉద్యోగం ఉంది, మన జీతానికి రాడు అని యజమాని అనుకొంటే? ఆ కేసు అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 2016లో ఆ కోర్టు కేసును మళ్ళీ పరిశీలించమని కింది కోర్టుకు పంపింది. 2017లో ఆ కోర్టు, ఇటువంటి తప్పు వివరాల వల్ల కలిగే నష్టం నిజమైనదేనని, ఆయన దావా నడపవచ్చునని చెప్పింది.

ఇక్కడ గమనించవలసిన సంగతి ఒకటి ఉంది. ఆ పేజీ చూసి మనసు మార్చుకొన్న యజమాని, ఆ సంగతి మీకు చెప్పడు. ఉద్యోగం రాలేదని మాత్రమే మీకు తెలుస్తుంది. ఎందుకు రాలేదో తెలియదు.

పాఠ్యగత ప్రశ్నలు 2
సరైనదా, కాదా చెప్పండి.
(అ) ఒకే పేరు, ఒకే ఊరు ఉంటే ఆ ఇద్దరూ ఒకే మనిషి అని నిశ్చయంగా చెప్పవచ్చు.
(ఆ) మంచి మాట అయినా తప్పు వివరం అయితే మనిషికి నష్టం కలగవచ్చు.

5. ఆ యంత్రాలు ఏమయ్యాయి?

వింక్ 2008లో రీయూనియన్ అనే సంస్థలో కలిసింది. పాత సహాధ్యాయులను వెతికిపెట్టడం రీయూనియన్ పని. 2009లో ఆ సంస్థ మైలైఫ్ అని పేరు మార్చుకొన్నది. స్పాక్‌ను 2009లో ఇంటీలియస్ అనే సంస్థ కొన్నది. మనుషుల పూర్వాపరాల నివేదికలు అమ్మడం ఇంటీలియస్ వ్యాపారం. 123పీపుల్‌ను 2010లో ఫ్రాన్స్‌కు చెందిన పేజ్‌జోన్ కొన్నది, 2014లో అది మూతపడింది.

అప్పటికి ఈ యంత్రాల చుట్టూ ఉన్న పరిస్థితి మారుతూ వచ్చింది. 2007లో ఫేస్‌బుక్ తన సభ్యుల చిన్న పరిచయాలను సాధారణ శోధన యంత్రాలకు కనిపించేటట్లు తెరిచింది. కాబట్టి పేరు వెతకడానికి వేరే యంత్రం అవసరం తగ్గింది. వీటికి ముడిసరుకు అందించే మాధ్యమాలు కూడా ఒక్కొక్కటిగా కనుమరుగయ్యాయి. 2011లో ఫ్రెండ్‌స్టర్ పాత ఫోటోలు, రాతలు తీసివేసి ఆటల సైటుగా మారింది. మన దేశంలో ఎందరో వాడిన ఆర్కుట్ 2014 సెప్టెంబరు 30న మూతపడింది. నూలు రాని మగ్గం నడవదు కదా.

యంత్రం పేరు పోయినంత మాత్రాన పని ఆగలేదు. వింక్‌ను కలుపుకొన్న మైలైఫ్ మీదనే 2020లో అమెరికా ప్రభుత్వం కేసు వేసింది. ఫలానా మనిషికి నేరచరిత్ర ఉన్నదేమో అన్న అనుమానం కలిగేటట్లు చూపించి, ఆ నివేదిక కొనేటట్లు జనాన్ని తప్పుదారి పట్టించిందన్నది అభియోగాలలో ఒకటి. 2021లో కోర్టు ఆదేశాలతో ఆ కేసు తేలింది.

ఫేస్‌బుక్ విషయం కూడా చూడండి. అందులో ఫోన్ నంబరు కొడితే మనిషి ప్రొఫైల్ వచ్చే ఏర్పాటు ఉండేది. దానిని దుర్వినియోగం చేసి వివరాలు పెద్దఎత్తున తోడుకొన్నారని తేలడంతో, 2018 ఏప్రిల్‌లో ఆ ఏర్పాటును తీసివేశారు. తమ సభ్యుల్లో చాలామంది బహిరంగ వివరాలను ఎవరైనా ఇలా తోడుకొని ఉండవచ్చునని ఆ సంస్థే ఒప్పుకొన్నది.

6. మన చట్టం ఏమంటుంది?

2017 ఆగస్టు 24న మన సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం, వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని తీర్పు చెప్పింది. 2023 ఆగస్టులో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. దాని నియమాలను 2025 నవంబరులో ప్రకటించి, దశలవారీగా అమలుచేసే ఏర్పాటు చేశారు. మీ వివరాలు తీసుకొనే సంస్థ మీ సమ్మతి అడగాలి. తప్పుగా ఉంటే దిద్దమని, అవసరం తీరితే తుడిచివేయమని కోరే హక్కు మీకు ఉంటుంది.

అయితే ఆ చట్టంలోని 3వ సెక్షన్ జాగ్రత్తగా గమనించండి. ఒక మనిషి తన వివరాలను తానే బహిరంగంగా అందరికీ అందుబాటులో ఉంచితే, ఆ వివరాలకు ఈ చట్టం వర్తించదు. సామాజిక మాధ్యమంలో తన వివరాలు తానే బయటపెట్టుకొన్న మనిషినే చట్టంలో ఉదాహరణగా చూపారు. మనుషులను వెతికే యంత్రాలకు కావలసిన ముడిసరుకు సరిగ్గా ఇదే. అంటే గడప మీద ఏం పెట్టాలి అన్న నిర్ణయం దగ్గర, చట్టం కన్నా ముందు మీరే ఉన్నారు.

7. మీరేం చేయవచ్చు?

మీ వివరాల విషయంలో:
• మీ పేరు, ఊరు కలిపి ఇంటర్నెట్‌లో వెతికి చూడండి. మీ పేరును రాసే అన్ని రకాలుగా వెతకండి.
• వాడని పాత ఖాతాలను మూసివేయండి. మరచిపోయిన ఖాతా కూడా ఇతరులకు కనిపిస్తూనే ఉంటుంది.
• ఫోన్ నంబరు, పుట్టినతేదీ, పిల్లల బడి పేరు స్నేహితులకు మాత్రమే కనిపించేటట్లు పెట్టుకోండి.
• ఆధార్, బ్యాంకు పుస్తకం ఫోటోలు ఎక్కడా బహిరంగంగా పెట్టకండి.

మరొకరిని వెతికేటప్పుడు:
• పేరు, ఫోటో కలిసినంత మాత్రాన మనవాడే అని నమ్మవద్దు. ఇంటివారికి మాత్రమే తెలిసిన సంగతి ఒకటి అడగండి. డబ్బు అడిగితే పంపవద్దు. మోసపోతే వెంటనే 1930 నంబరుకు ఫోన్ చేయండి.
• మనిషి ఆపదలో ఉన్నాడని అనుమానం ఉంటే 112కు చెప్పండి, పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు ఇవ్వండి. పిల్లలు తప్పిపోతే 1098కి ఫోన్ చేయండి.
• దొరికిన నంబరు, చిరునామా నలుగురికీ పంచవద్దు.

ఈ చివరి మాట ఎందుకు చెబుతున్నామో ఆలోచించండి. యంత్రానికి వెతికేవారు ఎవరో తెలియదు. కొడుకు కోసం ఎదురుచూసే తల్లి అడిగినా, కొట్టే భర్త నుండి పారిపోయి వచ్చిన భార్యను వెతుకుతూ ఆ భర్తే అడిగినా, అప్పులవాడు అడిగినా ఒకే జవాబు చెబుతుంది. ఆ తేడా తెలుసుకోగలిగేది మనుషులే.

ఇప్పుడు సచిన్‌లో ఉన్న మీ అన్న సంగతికి వద్దాం. షోలాపూర్‌లో ఒకాయన ప్రొఫైల్ కనిపించింది. పేరు కలిసింది. ముఖం కూడా కొంచెం ఆ పోలికే. ఆ పేజీని ఊరివారందరికీ పంపాలని, రైలెక్కి ఇంటి ముందు నిలబడాలని మీకు అనిపించడం సహజం. ముందు ఒక చిన్న సందేశం రాయండి. "అన్నా, నేను ఫలానా. పెద్దమ్మ నిన్ను చూడాలంటున్నది. కోపం ఏమీ లేదు. నా నంబరు ఇది. నీకు వీలైనప్పుడు ఫోన్ చెయ్యి." ఆ తరువాత ఎదురుచూడండి. ఆయన మీ అన్న కాకపోతే ఒక అపరిచితునికి ఇబ్బంది తప్పుతుంది. మీ అన్నే అయితే, పదిహేనేళ్ళ తరువాత ఇంటికి ఫోన్ చేసే మొదటి అడుగు ఆయనదే అవుతుంది.

మీరేం నేర్చుకొన్నారు?

• వింక్, స్పాక్, 123పీపుల్ వంటి యంత్రాలు వేరువేరు చోట్ల ఉన్న ప్రొఫైళ్ళను సేకరించి, విడదీసి, కలిపి, చూపేవి.
• చిన్న చిన్న వివరాలు ఒకచోట చేరితే, మనం ఎవరికీ చెప్పని సంగతి బయటపడుతుంది.
• కలపడంలో యంత్రం పొరబడవచ్చు. ఆ నష్టం మనిషి మోయాలి.
• మనమే బహిరంగంగా పెట్టిన వివరాలకు 2023 చట్టం వర్తించదు.

పాఠాంత ప్రశ్నలు

1. మనుషులను వెతికే యంత్రం పనిచేసే నాలుగు దశలను మీ సొంత మాటల్లో రాయండి.
2. తెలుగువారి పేర్లు యంత్రానికి ఎందుకు చిక్కు కలిగిస్తాయి? మీ ఇంట్లోవారి పేర్లతో ఉదాహరణ ఇవ్వండి.
3. ఒక మనిషిని ఇద్దరుగా విడదీయడం, ఇద్దరిని ఒకరిగా కలపడం: ఈ రెండు తప్పుల్లో దేనివల్ల ఎక్కువ హాని? ఎందుకు?
4. చాలాకాలంగా దూరమైన బంధువుకు పంపే సందేశాన్ని ఐదు వాక్యాల్లో రాయండి.

పాఠ్యగత ప్రశ్నలకు జవాబులు

1. (అ) ప్రొఫైల్ (ఆ) కలపడం
2. (అ) సరైనది కాదు (ఆ) సరైనది